లౌండ్స్ కౌంటీ జనాభా ఎందుకు తరిగింది? ముందు మట్టి చూడండి

మీరు అడిగినవి మూడు. అలబామా రాష్ట్రంలోని లౌండ్స్ కౌంటీలో 1900లో 35,651 మంది ఉంటే 2020కి 10,311 మంది ఎందుకు మిగిలారు? 'బ్లాక్ బెల్ట్' అనేది అక్కడ నల్లజాతి వాళ్లు ఎక్కువ కాబట్టి పడిన పేరేనా? కౌంటీ అంటే మన జిల్లా అనుకోవచ్చా? చివరిదాంతో మొదలుపెడతాను, అది తేలితే మిగతా రెండూ సులువు.

జిల్లా అనుకుంటే సగం తప్పుతారు. అలబామాలో 67 కౌంటీలు. వాటిలో ప్రభుత్వం పంపిన కలెక్టరంటూ ఎవరూ ఉండరు. షెరీఫ్, వీలునామాల సంగతి చూసే ప్రొబేట్ జడ్జి, కౌంటీ కమిషన్ సభ్యులు అందరూ అక్కడి ఓటర్లు ఎన్నుకున్నవాళ్లే. ఎస్పీకి ఓట్లేసి గెలిపించుకోవడం లాంటిదన్నమాట. ఓటు ఎవరికి ఉంది అన్నదాన్నిబట్టి లాఠీ ఎవరి చేతిలో ఉంటుందో తేలుతుంది. లౌండ్స్ చరిత్రకి ఇది కీలకం, మళ్లీ ఇక్కడికి వస్తాం. ఇక విస్తీర్ణం: నేల 716 చదరపు మైళ్లు, అంటే దాదాపు 1,850 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ జిల్లాకి ఎనిమిది రెట్ల పైమాటే. మనుషులు మాత్రం మన కోస్తాలో ఒక పెద్ద పంచాయతీలో ఉన్నంతమంది. చదరపు కిలోమీటరుకి ఆరుగురు కూడా పడరు. కౌంటీ కేంద్రం హేన్‌విల్‌లో వెయ్యిమంది ఉండరు. అక్కడ 1850ల నాటి కోర్టు భవనం, ముందు ఒక చౌరస్తా. పెద్ద ఊరు దక్షిణాన ఉన్న ఫోర్ట్ డిపాజిట్.

లెక్కలు తీసేముందు ఒక జాగ్రత్త. లౌండ్స్ కౌంటీలు మూడున్నాయి: అలబామాలో, జార్జియాలో, మిసిసిప్పీలో. మూడింటికీ సౌత్ కరోలినాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు విలియం లౌండ్స్ పేరే పెట్టారు. జార్జియా లౌండ్స్‌లో వాల్డోస్టా నగరం ఉంది, జనం లక్ష దాటారు. పేరుతో వెతికితే ఆ అంకెలు వచ్చి ఇందులో కలిసిపోతాయి. అందుకని సెన్సస్ లెక్కల్లో ఒక్కో కౌంటీకి ఉండే అయిదంకెల కోడ్‌తో వెతకండి: అలబామా లౌండ్స్ 01085, జార్జియాది 13185, మిసిసిప్పీది 28087. ఇంకో చిక్కు కూడా ఉంది. పచ్చి పల్లెటూరి కౌంటీ అయినా పక్కనే రాష్ట్ర రాజధాని మాంట్‌గొమెరీ ఉండటంతో సెన్సస్ దీన్ని ఆ మహానగర ప్రాంతంలో కలిపి చూపిస్తుంది. 'మెట్రో', 'నాన్‌మెట్రో' అని వడపోత పెట్టి పల్లె కౌంటీల జాబితా తీస్తే లౌండ్స్ అందులో ఉండదు. చాలామంది విద్యార్థులు బోల్తాపడేది ఇక్కడే.

ఇప్పుడు మట్టి సంగతి.

బ్లాక్ బెల్ట్ అనే మాట మొదట నేల రంగు చూసి పుట్టింది, మనుషుల రంగు చూసి కాదు. 1861-65 అమెరికా అంతర్యుద్ధం తర్వాతే అది నల్లజాతీయులు ఎక్కువగా ఉన్న కౌంటీలు అనే రాజకీయ అర్థంలోకి జరిగిందని నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ 1901లోనే వివరించాడు. రెండర్థాలూ నిజమే. కాకపోతే మొదటిదే రెండోదాన్ని తెచ్చిపెట్టింది.

డైనోసార్ల కాలం చివర్లో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. కంటికి కనిపించని ప్లవకాల పెంకులు అడుగున పేరుకుని సుద్ద పొరగా గట్టిపడ్డాయి. దీన్ని సెల్మా సుద్ద అంటారు, కొన్నిచోట్ల వందల అడుగుల మందం. ఆ సుద్ద పైపైన శిథిలమై తయారైన బంకమట్టే ఈ నల్లనేల. ఇందులో హ్యూస్టన్ అనే రకం మట్టి శాస్త్రవేత్తల వర్గీకరణలో వెర్టిసోల్ కిందికి వస్తుంది. మన నల్లరేగడీ అదే వర్గం. కాబట్టి కర్నూలులోనో ఆదిలాబాద్‌లోనో రేగడి చేలో నడిచినవాళ్లకి దీని గుణం వేరే చెప్పక్కర్లేదు: తడిస్తే ఉబ్బి చెప్పులు లాగేసేంత బంక, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు. తేడా ఎక్కడంటే మన రేగడి ఎక్కువగా దక్కను నల్లరాయి మీద పుట్టింది, అక్కడిది సుద్ద మీద పుట్టింది. పైన కొన్ని అడుగులు తవ్వితే చాలు, నీరు దిగని బూడిదరంగు సుద్ద తగులుతుంది.

కౌంటీ మొత్తం ఇదే నేల అనుకోకండి. నల్లమట్టి పక్కనే ఎర్రటి, పసుపు బంకమట్టి చెక్కలు చెక్కలుగా కలిసి ఉంటుంది. దానికి సున్నం గుణం కాదు, ఆమ్ల గుణం. ఉత్తరాన అలబామా నది సరిహద్దు, నది వెంబడి ఒండ్రు. దక్షిణాన ఫోర్ట్ డిపాజిట్ వైపు ఇసుక గుట్టలు, పైన్ చెట్లు. పాత పటాల్లో జనం ఎక్కడెక్కడ గుమిగూడారో చూస్తే ఈ మూడు చారలూ బయటపడతాయి.

మొదట ఇది క్రీక్ అనే ఆదివాసీ తెగల నేల. 1813 డిసెంబర్ 23న నది ఒడ్డున హోలీ గ్రౌండ్ దగ్గర అమెరికా జనరల్ క్లెయిబోర్న్ సేన క్రీక్ యోధుల మీద పడింది. ఆ దాడికి సరుకులు నిల్వ చేసుకున్న కోటే ఫోర్ట్ డిపాజిట్, ఊరి పేరు అలా వచ్చిందే. మరుసటి ఏడు ఫోర్ట్ జాక్సన్ ఒప్పందంతో క్రీకులు రెండు కోట్ల ఎకరాలకు పైగా వదులుకోవాల్సి వచ్చింది. 1819లో అలబామా రాష్ట్రమైంది, 1830 జనవరిలో మాంట్‌గొమెరీ, డల్లస్, బట్లర్ కౌంటీల ముక్కలు కలిపి లౌండ్స్ ఏర్పాటు చేశారు.

మొదట్లో వచ్చిన తెల్ల సెటిలర్లు నల్లనేల జోలికి పోలేదు. చెట్లు లేని గడ్డి మైదానం కాబట్టి సారం లేని నేల అనుకున్నారు, నాగలికి అంటుకునే మట్టి, పైగా వేసవిలో తాగడానికి చుక్క నీరుండదు. నది రేవుల దగ్గరా ఇసుక మెరకల మీదా ఇళ్లు కట్టుకున్నారు. సుద్ద పొరని తొలిచి కింది ఇసుక పొరల్లోని నీటిని పైకి తెచ్చే బోర్లు వచ్చాకే మైదానం ఆక్రమణ జోరందుకుంది. పత్తి వేశారు. బేళ్లు స్టీమరెక్కి నది మీదుగా మొబైల్ అనే రేవు పట్టణానికి పోయేవి. పని చేసింది బానిసలు. 1860 లెక్క చూడండి: మొత్తం 27,716. అందులో బానిసలు 19,340, తెల్లవాళ్లు 8,362, స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లు 14 మంది. పద్నాలుగే, అచ్చుతప్పు కాదు.

(పక్క సంగతి ఒకటి. అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవుల్ని దిగ్బంధించినప్పుడు ఈ పత్తి మాంచెస్టర్‌కి చేరలేదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే మన కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతి ఊపందుకుంది. అక్కడి రేగడి మూతపడితే ఇక్కడి రేగడికి గిరాకీ వచ్చింది.)

ఇక జనాభా వరస. 1830లో 9,410, 1840లో 19,539, 1850లో 21,915, 1860లో 27,716, 1870లో 25,719, 1880లో 31,176, 1890లో 31,550, 1900లో 35,651. అక్కడి నుంచి దిగుడు: 1910లో 31,894, 1920లో 25,406, 1930లో 22,878, 1940లో 22,661, 1950లో 18,018, 1960లో 15,417, 1970లో 12,897. తర్వాత కొంచెం అటూ ఇటూ ఊగి 2000లో 13,473 అయింది, 2010లో 11,299, 2020లో 10,311.

గ్రాఫ్ గీసి 1870 దగ్గర పల్లం చూడగానే 'యుద్ధంలో చచ్చిపోయారు, బానిసలు పారిపోయారు' అని రాసేయకండి. 1866లో క్రెన్షా అనే కొత్త కౌంటీ పుట్టింది. దానికి లౌండ్స్ నుంచి కూడా కొంత నేల కోసిచ్చారు. అంటే 1860 కౌంటీ, 1870 కౌంటీ ఒకే హద్దులున్నవి కావు. దానికితోడు 1870 లెక్కింపులో దక్షిణాదిన, ముఖ్యంగా కొత్తగా విముక్తులైన నల్లవాళ్లలో, చాలామంది లెక్కలోకి రాలేదని జనాభా చరిత్రకారులు ఒప్పుకున్న విషయమే. ఆ దశాబ్దపు తేడాని శాతంగా చెప్పడమే తప్పు. పోల్చాలంటే 1880 నుంచి పోల్చండి.

1910, 1920 మధ్య ఆరున్నర వేలమంది తగ్గడానికి కారణాలు ఒకటి కాదు. పత్తి కాయలో దూరి గుడ్లుపెట్టే బోల్ వీవిల్ పురుగు 1910లో అలబామాలో అడుగుపెట్టి కొన్నేళ్లలో బ్లాక్ బెల్ట్ అంతా పాకింది. రేగడి నేలలో పంట ఆలస్యంగా పండుతుంది, పురుగుకి అంత గడువు దొరుకుతుంది. అదే సమయంలో మొదటి ప్రపంచయుద్ధం వల్ల డెట్రాయిట్, షికాగో ఫ్యాక్టరీలకి కూలీలు కావలసివచ్చారు. ఇవి రెండూ పుస్తకాల్లో దొరుకుతాయి. మూడోది కౌంటీలో బతుకే. కోతకి సగం వాటా పద్ధతిలో కౌలు చేసేవాడు అప్పు తీరేదాకా కదలకూడదు. ఆ అప్పు లెక్కలు భూస్వామి దుకాణంలోనే ఉంటాయి. 1906లో నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ఈ కౌంటీనే ఎంచుకుని ఇంటింటికీ మనుషుల్ని పంపి కౌలు, అప్పు, భూమి వివరాలు సేకరించి ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చాడు. ప్రభుత్వం అచ్చువేయలేదు, ఆ రాతప్రతి నాశనమైపోయింది. లౌండ్స్ మీద పరిశోధన చేసే ఎవరికైనా ఇంతకంటే పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం.

1935లో పత్తి ఏరే కూలీలు వంద పౌండ్లకి డాలర్ ఇవ్వాలని సమ్మె చేస్తే తుపాకులతో అణిచారు. 1940 తర్వాత ట్రాక్టర్, పశువుల మేత బీళ్లు, కలప తోటలు వచ్చి కూలీతో పని తగ్గించేశాయి. ఈరోజు హైవే పక్కన కనిపించేది పత్తి కాదు, గడ్డి, ఆవులు, పైన్ చెట్లు. బర్క్‌విల్ దగ్గర ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ఉంది. పనికి మాంట్‌గొమెరీకి పోయివచ్చేవాళ్లు ఎక్కువ.

జనాభా అంకెకి ఇంకో వాడుక ఉండేది, అది మీ ప్రశ్నలో లేదు గానీ చెప్పకపోతే కథ కుంటుతుంది. మనుషుల తలలు లెక్కకి పనికొస్తాయి, ఓటుకి పనికిరావు. 1901 రాష్ట్ర రాజ్యాంగం చదువు, ఆస్తి పరీక్షలతో, ఓటు వేయాలంటే ఏటా కట్టాల్సిన డాలరున్నర పోల్ టాక్స్‌తో నల్లవాళ్ల పేర్లు ఓటర్ల జాబితా నుంచి తుడిచేసింది. ఆ టాక్స్ బకాయి పేరుకుపోతుంది, ఒక ఏడు కట్టకపోతే వచ్చే ఏడు రెండూ కట్టాలి. సీట్లు మాత్రం 1900 జనాభా లెక్క మీద పంచి అరవై ఏళ్లు కదపలేదు. ఫలితంగా 15,417 మంది ఉన్న లౌండ్స్‌కి ఒక రాష్ట్ర సెనేటర్, ఆరు లక్షలు దాటిన జెఫర్సన్ కౌంటీకీ ఒక్కడే. 1964లో రేనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఎత్తిచూపిన ఉదాహరణల్లో ఇదొకటి. అంటే ఓటులేని నల్లవాళ్ల తలలు చూపించి కొద్దిమంది భూస్వాములు తెచ్చుకున్న సీటు అది.

1965 మొదట్లో ఓటు వయసున్న నల్లవాళ్లు 5,122 మంది ఉంటే ఒక్కరి పేరూ జాబితాలో లేదు. తెల్లవాళ్ల నమోదు దాదాపు 118 శాతం. నూటికి నూట పద్దెనిమిది ఎలా అంటారా, చనిపోయినవాళ్లనీ ఊరొదిలి పోయినవాళ్లనీ తీసేయలేదు. ఇలాంటి అంకె కనిపిస్తే 'డేటా తప్పు' అని సరిచేయకండి, అదే అసలు డేటా.

ఆ మార్చిలో ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గొమెరీకి చేసిన 54 మైళ్ల పాదయాత్ర 80వ నంబర్ హైవే మీద ఈ కౌంటీ మధ్యగా సాగింది. ఇక్కడ రోడ్డు రెండు వరసలే కాబట్టి 300 మందికి మించి నడవరాదని జడ్జి షరతు పెట్టాడు. నాలుగు రాత్రుల మజిలీల్లో రెండు లౌండ్స్‌లోని నల్ల రైతుల పొలాల్లోనే. యాత్ర ముగిసిన రాత్రి డెట్రాయిట్ నుంచి వచ్చిన పౌరహక్కుల కార్యకర్త వయోలా లియుజోని ఇదే రోడ్డు మీద కాల్చి చంపారు. ఆగస్టు 20న హేన్‌విల్‌లో జోనథన్ డేనియల్స్ అనే మతవిద్యార్థిని ఒక కొట్టు గుమ్మంలో కాల్చారు, కాల్చినవాడిని జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. 'బ్లడీ లౌండ్స్' అన్న పేరు ఊరికే రాలేదు. ఓటు నమోదు చేసుకున్న కౌలుదార్లని భూస్వాములు ఇళ్లలోంచి గెంటేస్తే వాళ్లు హైవే పక్కన గుడారాల్లో రెండేళ్లకు పైగా ఉన్నారు. ఇప్పుడు ఆ చోటే నేషనల్ పార్క్ సర్వీస్ కేంద్రం ఉంది.

తెలుగువాళ్లకి వెంటనే అర్థమయ్యేది ఎన్నికల గుర్తు కథ. చదువురాని ఓటర్ల కోసం అప్పట్లో అలబామాలో ప్రతి పార్టీకీ బ్యాలెట్ మీద ఒక బొమ్మ ఉండాల్సి వచ్చేది, మన దగ్గరున్నట్టే. అక్కడి డెమొక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు, దాని పైన 'వైట్ సుప్రిమసీ' (తెల్లవాళ్లదే ఆధిపత్యం) అన్న మాట చాలాకాలం ఉండేది. పౌరహక్కుల కార్యకర్త స్టోక్లీ కార్మైకేల్ బృందం, స్థానికుడు జాన్ హ్యూలెట్ కలిసి పెట్టిన లౌండ్స్ కౌంటీ ఫ్రీడమ్ ఆర్గనైజేషన్ నల్ల చిరుతని గుర్తుగా పెట్టుకుంది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టిన బ్లాక్ పాంథర్ పార్టీకి ఆ బొమ్మ, పేరు వెళ్లింది ఇక్కడి నుంచే. చాలామంది తిరగేసి చెబుతుంటారు. 1966 నవంబర్‌లో నిలబడ్డ ఏడుగురూ ఓడిపోయారు. 1970లో హ్యూలెట్ షెరీఫ్‌గా గెలిచి ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు. లాఠీ ఎవరి చేతిలో అని మొదట్లో అన్నది ఇందుకే.

ఇక్కడి నల్ల రైతులకి సొంత పొలాలెక్కడివి అంటారేమో. 1892లో పెట్టిన కాల్హౌన్ పాఠశాల వాళ్లు తోటలు కొని ముక్కలు చేసి నల్ల కుటుంబాలకి వాయిదాల మీద అమ్మారు. అలాంటివాళ్లని గెంటేసేవాడు లేడు. దక్షిణాది పల్లెల్లో పోరాటం ఎక్కడ మొదలైందో చూడాలంటే సొంత సెంటు భూమి ఎవరికుందో చూడాలి.

ఆ భూమితోనే ఇప్పటి చిక్కు. కౌంటీలో చాలా ఇళ్లకి మురుగు కాలువ లైను లేదు, ఎవరి ఇంటి మురుగు వాళ్లే వదిలించుకోవాలి. మామూలు సెప్టిక్ ట్యాంక్ నుంచి వచ్చే నీరు భూమిలో ఇంకాలి. రేగడిలో ఇంకుడుగుంత తవ్వి చూసినవాళ్లకి తెలుసు, మొదటి వానకే నిండి పైకి పొంగుతుంది. అక్కడ కింద సుద్ద కూడా ఉంది కాబట్టి నీరు అసలే ఇంకదు. పరీక్షలోనే మోసం జరుగుతుంది. గుంత తీసి నీళ్లు పోసి అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలో చూస్తారు. వేసవిలో పొడిగా ఉన్నప్పుడు చేస్తే నీరు నెర్రెల్లోకి గలగలా పోయి నేల భేషుగ్గా ఉందనిపిస్తుంది. ముందురోజు నుంచి నీటితో నానబెట్టి, మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక కొలిస్తేనే అసలు వేగం తెలుస్తుంది. అలా కొలిస్తే చాలా స్థలాలు ఫెయిలవుతాయి. అప్పుడు మిగిలే దారి ఇసుక దిబ్బ పద్ధతి: బయటి నుంచి ఇసుక తెచ్చి నేల మీదే దిబ్బ వేసి, పంపుతో విడతలవారీగా మురుగునీటిని అందులోకి ఎక్కించాలి. ఖర్చు తరచుగా 15,000 నుంచి 30,000 డాలర్లు. కరెంటు పోయినా పంపు కాలినా ఆగిపోతుంది. అందుకే ఎందరో ఇంటి నుంచి గొట్టం వేసి నేరుగా పెరట్లోకో చెట్లల్లోకో వదులుతారు. దానికి క్రిమినల్ కేసులు కూడా పెట్టారు. క్యాథరిన్ కోల్మన్ ఫ్లవర్స్ ఈ సమస్యని దేశం ముందుకు తెచ్చింది, 2020లో ఆమెకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఫెడరల్ న్యాయశాఖ 2021లో విచారణ మొదలెట్టి 2023 మేలో రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం చేసుకుంది, 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది.

2017లో వచ్చిన కొంకిపురుగు అధ్యయనం గురించి మీరు ఎక్కడో చదివే ఉంటారు. 55 మందిని పరీక్షిస్తే 19 మందిలో దాని ఆనవాళ్లు కనిపించాయి. అది మురుగు సమస్య ఎక్కువున్న ఇళ్ల నుంచి తీసిన చిన్న నమూనా. 'లౌండ్స్‌లో మూడోవంతు మందికి కొంకిపురుగు' అని రాస్తే తప్పు.

ఈ మధ్యకాలపు అంకెలు తీసేటప్పుడు రెండు మాటలు. సెన్సస్ వాళ్లు జరిపే నమూనా సర్వే, అంటే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఏడాది అంచనాలు 65,000 జనాభా దాటిన చోట్లకే వస్తాయి, లౌండ్స్‌కి ఐదేళ్ల సగటే దిక్కు. దాని పక్కనే ఉండే ప్లస్ ఆర్ మైనస్ అంకెని, అంటే అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేదాన్ని, వదలొద్దు, మోసెస్, గోర్డన్‌విల్ లాంటి చిన్న ఊళ్లకి ఆ తేడా అసలు అంకెతో పోటీపడుతుంది. 2020 లెక్కల్లో వ్యక్తుల గోప్యత కోసం కావాలని కొంచెం కల్తీ కలిపారు. కౌంటీ మొత్తానికి పట్టించుకోనక్కర్లేదు గానీ, వీధి స్థాయి బ్లాకుల అంకెలు నమ్మి ఏదీ తేల్చకండి. జాతివారీగా చూస్తే నల్లవాళ్లు ఇప్పుడు దాదాపు 70 శాతం, తెల్లవాళ్లు పావు వంతు చిల్లర.

కుటుంబాల చరిత్ర వెతకాలంటే 1850, 1860 బానిసల జాబితాల్లో పేర్లుండవు. యజమాని పేరు కింద వయసు, ఆడ మగ, రంగు మాత్రమే. బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలు ఫెడరల్ జనాభా లెక్కల్లో పేర్లతో మొదటిసారి కనిపించేది 1870లోనే. 1890 పత్రాలు అగ్నిప్రమాదంలో చాలావరకు పోయాయి. 72 ఏళ్లు నిండాకే ఇంటింటి పత్రాలు బయటపెడతారు కాబట్టి ప్రస్తుతానికి 1950 దాకానే చూడగలరు. హేన్‌విల్ కోర్టులో భూమి దస్తావేజులు చూసేటప్పుడు తాత పేరు మీదే ఆగిపోయిన ఆస్తులు బోలెడు కనిపిస్తాయి. పంపకాలు జరగక, వీలునామా లేక వారసులందరికీ ఉమ్మడిగా మిగిలినవి. మన దగ్గర పాస్‌బుక్ మారని భూమి లాంటివే. హక్కు పత్రం ఒక్కరి పేరున తేలకపోతే బ్యాంకు అప్పు రాదు, చాలా పథకాల కింద సెప్టిక్ ట్యాంకుకి సాయమూ రాదు. కాల్హౌన్ స్కూలు వాయిదాల మీద అమ్మిన ముక్కల్లో కొన్ని అలా ఇరుక్కున్నవే అయ్యుంటాయి, దస్తావేజుల వరస పట్టుకుని వెనక్కి పోతే మీకే తెలుస్తుంది.